యింటిలో యిరవై టన్నులు

మొక్కై వంగనిది మానై వంగుతుందా అని సామెత. యిరవై యేళ్లుగా క్లాసులో యీ సామెతకి అర్థం చెబుతూ వస్తున్నాను. మనుషుల సంగతి యెలా వున్నా, యినపరేకు విషయంలో యిది చెల్లదని నాకు తెలియజెప్పినవాడు మా మేనల్లుడు. రేకుకి లేత వయస్సూ ముదురు వయస్సూ లేవు. యెక్కడ ఆనించాలో, యెక్కడ నొక్కాలో, యెంత బలంతో నొక్కాలో తెలిస్తే చాలు. కొలిమి అక్కర్లేదు, సమ్మెట మోత అక్కర్లేదు. చల్లగా వున్నది వున్నట్టుగానే, కాగితం మడిచినట్టు వంగి కూర్చుంటుంది.

మా అక్కయ్య కొడుకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. లారీ బాడీలు కట్టడంలో పేరు పడ్డ చోటు గదా, పగలూ రాత్రీ పని. 2019లో ఒకనాడు సాయంత్రం ప్రెస్సు మిషను మీద రేకులు వత్తుతున్నాడు. కాలు పెడల్ మీద వుంది, ఎడమచెయ్యి రేకు సర్దుతోంది. కాలు ఒక్క క్షణం ముందు పడింది. చూపుడువేలూ మధ్యవేలూ మొదటి కణుపుల దాకా పోయాయి.

అది బరువైన చక్రం మీద తిరిగే పాతకాలపు ప్రెస్సు. పెడల్ నొక్కామంటే చక్రం పట్టు దొరకబుచ్చుకుని ఒక చుట్టు పూర్తిగా తిరిగి తీరాలి. మధ్యలో ఆపడం దేవుడి తరం కూడా కాదు. ‘‘కాస్త చూసుకోవద్దుటయ్యా’’ అన్నారు పలకరించడానికి వచ్చిన పెద్దలందరూ. మిషనుకి కాస్త ఆగడం నేర్పించవద్దూ అని ఒక్కరూ అనలేదు.

గాయం మానింది. అక్కయ్య భయం మానలేదు. యినుము ముట్టుకుంటే తన మీద ఒట్టేనంది. రెండేళ్లు వాడు ఆ దుకాణంలో కొన్నాళ్లు, యీ దుకాణంలో కొన్నాళ్లు లెక్కలు రాశాడు. 2021లో పెరట్లో పశువుల కొట్టం ఖాళీగా వుంటే దానికి కొత్తరేకు కప్పించి, వెల్డింగు మిషనూ, గ్రైండరూ తెచ్చి పెట్టాడు. ‘‘ఒరేయ్ తమ్ముడూ, నువ్వు వచ్చి వాడికి నాలుగు మంచిమాటలు చెప్పాలి’’ అని అక్కయ్య ఫోను చేసింది. మంచిమాటలు చెప్పడమే నా వృత్తి కనక వెళ్లాను.

‘‘మామయ్యా, నా వేళ్లు తీసింది యినుము కాదు. ఆగడం తెలియని మిషను. నేను కట్టబోయేది నేను ఆపితే ఆగుతుంది’’ అన్నాడు వాడు.

‘‘యేమిట్రా అది?’’

‘‘ప్రెస్ బ్రేకు.’’

‘‘బ్రేకంటేనే ఆపేది గదురా, మళ్లీ ఆగేదేమిటి?’’ అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి రెండేళ్లయింది. నేను తెచ్చుకున్న మంచిమాటలు సంచిలోనే వుండిపోయాయి.

పేరు ఒకటి, పని ఒకటి

యీ బ్రేకుకి బండి ఆపే బ్రేకుతో చుట్టరికం లేదు. ఇంగ్లీషులో నార నలగ్గొట్టే పనిముట్టుకి కూడా యిదే పేరు. ప్రెస్ బ్రేకంటే రేకుని ఒక గీత వెంబడి తిన్నగా మడిచే యంత్రం. కింద ‘వి’ ఆకారంలో గాడి వున్న దిమ్మ. దాన్ని డై అంటారు. పైన ఉలి అంచులాంటి కడ్డీ, దాని పేరు పంచి. మధ్యన రేకు పెట్టి పంచిని దించితే రేకు గాడిలోకి దిగి మడతపడుతుంది. అంతే యంత్రం.

కాని చుట్టూ ఒకసారి చూడండి. బట్టలు దాచుకునే బీరువా, గోడమీద కరెంటు మీటరు పెట్టె, యెండాకాలపు కూలరు, బియ్యం మిల్లులో గింజలు జారే తొట్టి, లారీ పక్కబల్లలు – వీటిలో మడత లేని రేకు యెక్కడుంది? వట్టి రేకుని పట్టుకుంటే తాటాకులా వూగుతుంది. అదే రేకు అంచు ఒక అంగుళం మడిస్తే మనిషి నిలబడ్డా వంగదు. రేకుకి బలం మడతలో వుంది.

నూనె చేసే గారడీ

సరే, మూడు మిల్లీమీటర్ల రేకుని మడవాలంటే టన్నుల బరువు కావాలి. పశువుల కొట్టంలో టన్నులు యెక్కణ్ణించి వస్తాయి? లారీ చక్రం విప్పడానికి డ్రైవరు పెట్టుకునే జాకీలోంచి వస్తాయి.

మూసివున్న పాత్రలో ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. ఈ సంగతి కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు పాస్కల్. ఆయన 1662లో చనిపోతే, యీ విషయం రాసిన పుస్తకం 1663లో అచ్చయింది. దాన్ని ప్రెస్సుగా మార్చి 1795లో పేటెంటు పుచ్చుకున్నవాడు ఇంగ్లండులోని జోసెఫ్ బ్రామా. సూత్రానికీ యంత్రానికీ మధ్య నూటముప్ఫై యేళ్లు పట్టింది.

జాకీ లోపల ఒక సన్నని పిస్టనూ, ఒక లావు పిస్టనూ వుంటాయి. సన్నదాని అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, లావుదాని అడ్డుకొలత 50 అనుకోండి. కొలత అయిదురెట్లయితే వైశాల్యం యిరవై అయిదు రెట్లు. అంచేత బలమూ యిరవై అయిదు రెట్లు. ఊపే పిడి వల్ల యింకో పదిహేను రెట్లు కలిసిందనుకుంటే మొత్తం 375 రెట్లు. మనిషి ముప్ఫై కిలోల బలం పెడితే అవతల పదకొండు టన్నులు! అయితే ప్రకృతి వడ్డీ లేకుండా అప్పివ్వదు. బలం యెన్ని రెట్లు పెరిగిందో కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. పిడిని చాలాసార్లు ఊపితేగాని పంచి ఒక అంగుళం దిగదు. మొదటి నెలల్లో ఆ ఊపే వుద్యోగం నాది. లెక్చరరుగారి భుజాలు వారం రోజులు నొప్పెట్టాయి.

లెక్క ముందు, వెల్డింగు తర్వాత

మావాడు ముందు ఇనుము కొనలేదు, ఒక నోటుపుస్తకం కొన్నాడు. పనివాళ్ల దగ్గర ఒక వాడుక లెక్క వుంది. డై గాడి వెడల్పు రేకు మందానికి యెనిమిది రెట్లు వుండాలి. 2 మిల్లీమీటర్ల రేకుకి 16, మూడింటికి 24. అలా పెట్టుకుంటే మామూలు ఇనపరేకుని ఒక మీటరు పొడవున మడవడానికి, మందం యెన్ని మిల్లీమీటర్లో దానికి యెనిమిది రెట్ల టన్నులు కావాలి. 2 మిల్లీమీటర్లకి 16 టన్నులు, మూడింటికి 24.

మీటరు మిషను పెట్టే చోటు కొట్టంలో లేదు. అంచేత 600 మిల్లీమీటర్ల పొడవు నిర్ణయించాడు. ఆ పొడవులో 3 మిల్లీమీటర్ల రేకుకి పద్నాలుగున్నర టన్నులు చాలు. నాలుగింటికైతే పంతొమ్మిది దాటుతుంది. యిరవై టన్నుల జాకీ కొని, మిషను నుదుటిమీద ‘3 మి.మీ. దాటరాదు’ అని యెర్రరంగుతో రాశాడు. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఒకటిన్నర రెట్లు బలం కావాలి కనక దానికి రెండే హద్దు. అల్యూమినియానికి సగం చాలు.

ఇక్కడ గేజి లెక్క తెలియక మోసపోయేవాళ్లు చాలామంది. గేజి అంకె పెరిగినకొద్దీ రేకు పల్చనవుతుంది. 16 గేజంటే 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9.

చట్రం చేసిన గొడవ

పాత ఇనపసామాన్ల దుకాణంలో చానళ్లు యేరి తెచ్చాడు. రెండు నిలువు స్తంభాలు, పైన ఒక అడ్డదూలం, కింద డై కూర్చునే దూలం. వీటి మధ్య పైకీ కిందికీ జారే దూలం ఒకటి. దాని అడుగున పంచి. జాకీని జారే దూలం మీద నిలబెట్టాడు. జాకీ తల పైదూలాన్ని తన్నుతుంది. పైదూలం కదలదు కనక కిందిది దిగుతుంది. మామూలు జాకీని తలకిందులుగా పెడితే గాలి పీల్చుకుని పనిచెయ్యదు. అందుకే యీ యేర్పాటు. పని అయ్యాక దూలాన్ని పైకి లాగడానికి రెండు గట్టి స్ప్రింగులు.

వెల్డింగు వేడికి ఇనుము లాగుకుపోతుంది. అందుకని అన్నిచోట్లా చిన్న చిన్న చుక్కలు అతికి, మూలమట్టం పెట్టి చూసి, మూల నించి మూలకి రెండు వైపులా కొలిచి, రెండు కొలతలూ ఒక్కటైన తర్వాతే, కుడి ఒక అంగుళం, ఎడమ ఒక అంగుళం చొప్పున పూర్తిచేశాడు.

మొదటి రేకు మడిచిన రోజు నాకు బాగా జ్ఞాపకం. 2 మిల్లీమీటర్ల రేకు, పూర్తి పొడవు. తీసి మూలమట్టం పెడితే మధ్యలో సరిగ్గా తొంభై డిగ్రీలు. రెండు కొసల్లోనూ తొంభైఆరు! మావాడి ముఖం చిన్నబోయింది. అక్కయ్య వంటింటి గుమ్మంలోంచి చూసి, యేమీ అనకుండా లోపలికి వెళ్లింది.

తప్పు జారే దూలానిది. 25 మందం, 75 ఎత్తు వున్న పట్టీ అది. జాకీ దాన్ని నడుమ నొక్కుతుంటే కొసలు ఒక మిల్లీమీటరు వెనకబడ్డాయి. ఒక మిల్లీమీటరేగా అనుకుంటాం. 16 మిల్లీమీటర్ల గాడిలో ఒక మిల్లీమీటరు లోతంటే యేడు డిగ్రీలు!

విరుగుడు చిన్నపిల్లల స్కేలులో వుంది. స్కేలుని పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది. అంచుమీద నిలబెట్టి నొక్కితే బిగుసుకుంటుంది. దూలం ఎత్తు రెండింతలైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిదింతలు పెరుగుతుంది. 75 ఎత్తు పట్టీ తీసేసి 150 ఎత్తుది వేశాడు. మళ్లీ మడిచాం. తేడా ఒక డిగ్రీ లోపుకి వచ్చింది.

చిన్నముక్కని ఒక కొసన పెట్టి నొక్కితే దూలం పక్కకి వాలుతుంది. అందుకని స్తంభాల లోపల ఇత్తడి పట్టీలు బిగించి, దూలం వాటిమధ్య వదులు లేకుండా జారేటట్టు చేశాడు. అయినా చిన్నపని యెప్పుడూ నడుమనే చెయ్యాలన్నది కొట్టంలో శాసనం.

రేకు కొసరు అడుగుతుంది

మొదట దొరికిన బేరం ఒక ట్రే. అడుగు 300 మిల్లీమీటర్లు, రెండు పక్కలా 50 ఎత్తు అంచులు. మొత్తం 400 కత్తిరించాడు. మడిచి చూస్తే దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు పెద్దదయింది, పెట్టవలసిన చోట పట్టలేదు.

మడతలో మూల పదునుగా వుండదు, గుండ్రం తిరుగుతుంది. గుండ్రంగా వెళ్లిన దారి మూల చుట్టి వెళ్లిన దారికన్న దగ్గర. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్లు మూలల దగ్గర అడ్డంగా నడిచి అడుగులు మిగుల్చుకున్నట్టే. 2 మిల్లీమీటర్ల రేకు 16 గాడిలో వంగితే లోపలి గుండ్రం రెండున్నర మిల్లీమీటర్లకి కాస్త పైన వస్తుంది. అప్పుడు ఒక్కొక్క తొంభై డిగ్రీల మడతకీ సుమారు 3.9 మిల్లీమీటర్లు తగ్గించి కత్తిరించాలి. రెండు మడతల ట్రేకి 392 చాలు. ఈ లెక్క ప్రతి రేకుకీ, ప్రతి గాడికీ వేరు. పుస్తకంలో చూసి వదిలెయ్యకుండా, ఒక ముక్క మడిచి కొలుచుకుని గోడమీద రాసుకోవాలి. మావాడి కొట్టం గోడ యిప్పుడు అంకెలతో నిండి వుంది.

రేకుకి పట్టుదల కూడా వుంది. తొంభైకి మడిచి వదిలితే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి విచ్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ అయితే యింకా యెక్కువ. అందుకని ఎనభైఎనిమిది దాకా మడిచి వదలాలి, అప్పుడు తొంభైకి వచ్చి నిలుస్తుంది. మిల్లులో రేకు సాగదీసిన దిక్కుకి అడ్డంగా మడిస్తే మంచిది. దాని వెంబడే బిగువుగా మడిస్తే వెలుపలి అంచు పగిలే ప్రమాదం వుంది.

తన చేతికి తగినట్టు

యిక్కడిదాకా యెవరు కట్టినా ఒకటే. ఆ తర్వాత వాడు చేసిన మార్పులే ఆ మిషనుని వాడి మిషను చేశాయి.

పంచిని ఒకే ముక్కగా కాక 25, 50, 75, 100 మిల్లీమీటర్ల ముక్కలుగా లేతు దుకాణంలో చేయించాడు. పెట్టె మడిచేటప్పుడు నాలుగోవైపు మడవబోతే అప్పటికే లేచిన పక్కలు పంచికి అడ్డం వస్తాయి. కావలసినంత వెడల్పుకే ముక్కలు తగిలిస్తే ఆ బాధ లేదు. దూలం యెక్కడ ఆగాలో చెప్పే బోల్టు ఒకటి పెట్టాడు. దాని మర ఒక చుట్టుకి ఒకటిన్నర మిల్లీమీటర్లు. పావుచుట్టు తిప్పితే రెండున్నర డిగ్రీలకి పైచిలుకు తేడా వస్తుంది. ఒకసారి సరిచేస్తే నూరు ముక్కలూ ఒక్క తీరుగా వస్తాయి.

అన్నిటికన్న ముఖ్యం వెనక అడ్డపట్టీ. రేకుని దానికి ఆనించి, రెండు అయస్కాంతాలతో నిలబెడితే యిక చెయ్యి అక్కడ వుండనక్కర్లేదు. ‘‘చెయ్యికి అక్కడ పని వున్నన్నాళ్లూ ప్రమాదం తప్పదు మామయ్యా. పని లేకుండా చెయ్యాలి’’ అన్నాడు. భద్రత మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటిలోకీ యిది చిన్నది, మంచిది.

2023లో పని పెరిగి, చేతిజాకీ తీసేసి కంప్రెసరు గాలితో నడిచే జాకీ వేశాడు. దానికి ఒక మీట చాలు. వాడు రెండు పెట్టాడు, రెండుచేతులూ చాచితేగాని అందనంత ఎడంగా. గాలి రెండింటి గుండా వెళితేనే జాకీకి చేరుతుంది. యే చెయ్యి తీసినా స్ప్రింగు మీటని మూసేస్తుంది, దూలం వున్నచోటే ఆగిపోతుంది. చక్రం మీద తిరిగే పాత ప్రెస్సుకి లేని గుణం నూనె జాకీకి పుట్టుకతోనే వుంది. దాన్ని వాడుకోవాలన్న బుద్ధి మనకుండాలి.

ఆ బుద్ధి యెంత సులువుగా జారిపోతుందో కూడా చూశాను. అరవై పెట్టెల బేరం వచ్చిన రోజున, సాయంగా పెట్టుకున్న కుర్రాడు ఒక మీటని తీగతో కట్టేసి ఒంటిచేత్తో పని లాగిస్తున్నాడు. త్వరగా అవుతుందని. మావాడు గాలి కట్టేసి, తీగ విప్పి, కుర్రాడికి ఆనాటి కూలి పూర్తిగా యిచ్చి యింటికి పంపేశాడు. మర్నాడు రమ్మన్నాడు. పెట్టెలు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. పెద్ద కార్ఖానాల్లో రెండు మీటలూ యించుమించు ఒకేసారి నొక్కితేనే కదిలే యేర్పాటు వుంటుంది. మావాడు తర్వాత మీటల మీద గొట్టపు మూతలు వేసి, కట్టడానికి వీల్లేకుండా చేశాడు.

చూసి కట్టబోయేవారికి

ఈ వ్యాసం చదివి యెవరైనా పాతజాకీ వెతకబోతారేమో, వారికి నాలుగు మాటలు. అరిగిన ఆకురాయిని పంచిగా వాడకండి. అది గట్టిదే గాని పెళుసు. టన్నుల కింద గాజులా పగిలి యెగురుతుంది. నూనె గొట్టంలో సన్నని చిల్లు పడితే దాన్ని వేలితో వెతకవద్దు, అట్టముక్కతో వెతకండి. ఆ ఒత్తిడికి నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే. కాని గంటల్లో చెయ్యి పోగొట్టుకోవచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. జింకు పూసిన రేకుని వెల్డింగు చేస్తే వచ్చే తెల్లని పొగ పీల్చితే జ్వరం వస్తుంది. కళ్లద్దాలు లేకుండా మిషను ముందు నిలబడకండి. అన్నిటికన్న ముందు, మిషను మీద దాని శక్తికి హద్దు రాయండి. రాసిన హద్దు దాటకండి.

బియ్యం పెట్టె మూత

మూడేళ్లు అక్కయ్య ఆ కొట్టంలో అడుగుపెట్టలేదు. అన్నం వేళకి గుమ్మంలోంచి పిలిచేది, అంతే. 2024 సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు తుప్పుపట్టిన బియ్యం పెట్టె మూత ఒకటి పట్టుకుని కొట్టం ముందు నిలబడింది.

‘‘దీనికి కొత్త మూత చెయ్యగలవట్రా? అంచు మాత్రం చేతికి గీసుకోకూడదు.’’

వాడు మాట్లాడకుండా 20 గేజి రేకు తీశాడు. అంచుని మొదట డైలో వీలైనంత వాలుగా మడిచి, తర్వాత రెండు చదును దిమ్మల మధ్య పెట్టి నొక్కితే రేకు తనమీద తాను పడుకుంటుంది. కోసుకునే అంచు లోపలికి పోయి గుండ్రని మడత పైకి వస్తుంది. నాలుగు వైపులా అలా చేస్తున్నాడు. చివరి వైపు మిగిలివుండగా అక్కయ్య ముందుకు వచ్చింది.

‘‘యేదీ, నేను నొక్కుతాను.’’

వాడు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ రెండుచేతులూ చాచి మీటలు నొక్కింది. దూలం దిగసాగింది. సగంలో ఎడమచెయ్యి తీసేసింది. ఆగింది. మళ్లీ నొక్కింది, కుడిచెయ్యి తీసింది. ఆగింది. ముచ్చటగా మూడోసారి కూడా చూసింది.

‘‘ఆగుతోందిరా’’ అంది.

‘‘ఆగుతుందమ్మా’’ అన్నాడు వాడు.

మూత పూర్తయ్యాక అంచు చుట్టూ వేలితో తడిమి చూసుకుంది. యెక్కడా గీసుకోలేదు. వంటింట్లోకి వెళుతూ, పక్కింటావిడ కూడా ఒక మూత కావాలంటోంది, కొలతలు రేపు తెస్తానంది.